లివాలో అందించిన మాట

మా ఇంట్లో ఎవరూ దేనికీ ఆనుకుని కూర్చునేవారు కాదు. గోడ ఉన్నా, దిండు ఉన్నా, వెన్ను నిటారుగానే ఉండాలి. ఇది మా తాతగారు పెట్టిన నియమం. పొలాలు పోయాయి, ఆయన సొంత ఖర్చుతో కట్టించిన నాటకశాల ఎరువుల గిడ్డంగి అయింది, నియమం మాత్రం నా దాకా వచ్చింది. దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లో, సినిమా లైట్లు అద్దెకిచ్చే ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్ కీపర్‌గా పదిహేడేళ్ళు చేశాను. అక్కడి ఇనప స్టూలు మీద కూడా నేను వంగి కూర్చున్నట్టు చూసినవాళ్ళు లేరు. ఆ వెన్నే నాకు ఒక అమెరికన్ నటుడి స్థానంలో నిలబడే పని తెచ్చిపెట్టింది. అక్కడ నేను చేసిన పని గురించి కొంత కొంత చాలామందికి చెప్పాను. మొత్తం ఎవరికీ చెప్పలేదు.

కరోనా రెండో ఏడాది చలికాలం అది. ఏడాదిపాటు లైట్లన్నీ గుడ్డలు కప్పుకుని పడున్నాక, లివా ఎడారిలో సినిమా తీయడానికి ఒక అమెరికన్ బృందం వచ్చింది. సామాను మాది. లారీలతో పాటు నేనూ వెళ్ళాను. రోజూ పొద్దున్నే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసేవారు. ఎవరు కెమెరాకు ఎంత దగ్గరగా వెళ్ళవచ్చో చెప్పడానికి చేతులకు రంగు పట్టీలు కట్టేవారు. నాది పసుపు పట్టీ, అంటే లారీల దగ్గరే ఉండాలి.

మూడో రోజు అసిస్టెంట్ డైరెక్టర్ లారీల దగ్గరికి వచ్చింది. మలయాళీ అమ్మాయి, మనిషి చిన్నది, గొంతు పెద్దది. అటూ ఇటూ చూసి నా ముందు ఆగింది.

"మీ ఎత్తెంత?"

"ఆరడుగుల ఒక అంగుళం."

"మెడ ఎప్పుడూ ఇలాగే పెడతారా?"

"ఇలాగే."

మాస్కు వెనక నవ్వింది. ముసలి నటుడి కోసం లండన్ నుంచి రావలసిన స్టాండ్-ఇన్‌కు పాజిటివ్ వచ్చిందట. స్టాండ్-ఇన్ అంటే నటుడి ఎత్తు, ఒడ్డు ఉన్న మనిషి. లైట్లు అమర్చేటప్పుడు గంటల తరబడి ఆ నటుడి చోట అతను నిలబడతాడు. అంతా సిద్ధమయ్యాక నటుడు వస్తాడు, ఇతను పక్కకు తప్పుకుంటాడు. నా రంగు నటుడి రంగు కాదని కెమెరామన్ మొహం చిట్లించాడు గానీ, టోపీ కింద మెడ ఎక్కడ ఉంటుందన్నదే ఆయనకు కావలసింది. నా పసుపు పట్టీ కోసేసి ఆకుపచ్చది కట్టారు.

నిజం చెప్పాలంటే ఒప్పుకోకూడదనుకున్నాను. మా తాతగారు నాటకం ఆడించినప్పుడు ముందు వరసలో ఆయన కుర్చీ ఒక్కటే ఉండేది. ఆయన వచ్చి కూర్చుంటే తప్ప తెర లేచేది కాదు. ఆయన మనవణ్ణి నేను, ఇంకొకడి ముఖం కోసం ఎండలో నిలబడటమేమిటి అనిపించింది. కానీ గోడౌన్ మళ్ళీ మూతపడితే ఎటు పోవాలో నాకు తెలియదు. నిలబడ్డాను.

రిఫ్లెక్టరు పట్టుకునే మనిషి జగిత్యాల దగ్గరివాడు, అల్ ఖూజ్‌లో మా గోడౌన్ పక్క క్యాంపులోనే ఉంటాడు. నలభై దాటినవాడు. నేను వచ్చిన కొత్తలోనే నా నడక చూసి 'దొరా' అని పేరు పెట్టాడు. అందులో గౌరవం ఎంతుందో, వెటకారం ఎంతుందో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను.

"ఏం దొరా, నిలవడుడే కొలువాయె గదా నీకు!" అన్నాడు, రిఫ్లెక్టరు తిప్పి నా కళ్ళలోకి ఎండ కొడుతూ. "మా తాత మీ అసుంటి దొర గడి ముంగట చెప్పులిడిసి చేత వట్టుకొని నడిసిండు. నేను జూడు, దొర మొకం మీద లైటు కొడుతున్న."

"కిందికి దించవయ్యా, కళ్ళు పోతున్నాయి."

"నువ్వు దించు జర, ఆ మెడ."

దించలేదు. అతను నవ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం నటుడు వచ్చాడు. అందరూ ఆయన్ని కొత్తగా చూస్తున్నారు గానీ నాకు ఆ ముఖం పాతదే. మా ఊళ్ళో కేబుల్ వచ్చిన కొత్తలో ఒక ఛానెల్ పాత అమెరికన్ సీరియల్‌ని తెలుగులోకి మార్చి మధ్యాహ్నం పూట వేసేది. ఒక చిన్న ఊరి పోలీసు అధికారి, అతని కింద పనిచేసే ఒక పొడుగాటి సహాయకుడు. ఆ సహాయకుడు ఈయనే. మా నాన్నగారు నాటకాలు మానేశాక రోజూ అది చూసేవారు. "వీడి పెదవి మాటతో కలవదు. గొంతు అరువుది," అనేవారు. అయినా టైముకు టీవీ ముందు కూర్చునేవారు, వీపు ఆనించకుండా. ఆ ముఖానికి నాకు తెలిసిన గొంతు ఎవరో తెలుగు మనిషిది. అందుకే లివాలో ఆయన నోరు తెరిచి ఇంగ్లీషులో గుడ్ ఆఫ్టర్నూన్ అంటే ఉలిక్కిపడ్డాను. చచ్చిపోయిన నాన్నగారి గదిలో టీవీ ఆగిపోయి, దాని వెనకనుంచి అసలు మనిషి మాట్లాడినట్టనిపించింది.

నేను నిలబడిన చోటు చూశాడు. నా కాళ్ళ దగ్గర ఇసకలో గుచ్చిన గుర్తు చూశాడు. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "కల్నల్, మీరు ఏ సైన్యం?" అన్నాడు.

"ఏ సైన్యమూ కాదు సార్. గోడౌన్."

"అయితే ఆ గోడౌన్‌కి యుద్ధంలో ఓటమి ఉండదు," అన్నాడు. ఆ రోజు నుంచి నేను కల్నల్‌నే.

డెబ్భై ఎనిమిదేళ్ళవాడు. షాట్ల మధ్య గుడారం నీడలో ఇద్దరికీ రెండు మీటర్ల దూరంలో కుర్చీలు వేసేవారు. అక్కడ తన బతుకంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొక్కజొన్న తప్ప మరేమీ కనిపించని ఊరట. తండ్రి ట్రాక్టర్లు బాగుచేసేవాడట. బస్సెక్కి సినిమాల ఊరికి పోతే మొదట దొరికింది నాలాంటి పనే. రెండేళ్ళు ఒక పెద్ద హీరో చోట నిలబడ్డాడు. ఆ హీరో ఒక్కసారి కూడా ఇతని పేరు అడగలేదు. టీవీలో మొదటి వేషం ఆసుపత్రి సీరియల్లో శవం. "బాగా చేశాను, రెండోసారి కూడా పిలిచారు," అని నవ్వాడు. తర్వాత గడ్డం గీసుకునే క్రీము ప్రకటన, తర్వాత ఆ పోలీసు సహాయకుడు, తొమ్మిదేళ్ళు. ఆ వేషం ఊరూరా తెలిసిపోయింది. దాంతో ఇంకో వేషం ఎవరూ ఇవ్వలేదు. ఒక సినిమాలో రెండో హీరోగా వేశాడు, అది ఆడింది. తర్వాతవి నాలుగూ ఆడలేదు. తాగాడు. పెళ్ళాలిద్దరూ వెళ్ళిపోయారు. పదేళ్ళపాటు ఆయనకు దొరికిన ఒకే ఒక పని ఒక దుకాణం పార్కింగ్‌లో 'దయచేసి మీ టికెట్ దగ్గర పెట్టుకోండి' అని మైకులో వినిపించే గొంతు. "అప్పుడు ఊళ్ళో అందరికంటే ఎక్కువమంది విన్నది నన్నే, కల్నల్." ముసలితనంలో మళ్ళీ టీవీ పిలిచింది. జడ్జీగా, తాతగా, మంచం మీద చచ్చిపోయేవాడిగా.

"మళ్ళీ శవం దాకా వచ్చాను. మధ్యలో ఈ ఒక్క పేజీ."

ఆ పేజీ కోసమే ఆయన ఈ వయసులో, ఈ జబ్బు రోజుల్లో, ఇంత దూరం వచ్చాడు. సినిమాలో ఆయనది యువకుడిగా చమురు వెతకడానికి ఇక్కడికి వచ్చిన ఇంజినీరు వేషం. అప్పట్లో బండి చెడిపోతే స్నేహితుడితో కలిసి ఇసకలో నడిచాడు. స్నేహితుడు ఇక నడవలేనని కూలబడితే, 'ఆ దిబ్బ వెనక నీళ్ళున్నాయి' అన్నాడు. ఆ మాట పట్టుకుని అతను లేచి దిబ్బ దాకా నడిచి అక్కడ పోయాడు. అరవై ఏళ్ళ తర్వాత ముసలి ఇంజినీరు ఆ చోటికి వచ్చి, అక్కడి రాయితో ఇదంతా చెప్పుకుంటాడు. సినిమా మొత్తంలో ఆయనకున్న మాటలు అవే. "యాభై ఏళ్ళుగా నేను వేరేవాళ్ళ మాటలకు తలూపాను. ఒక పేజీ మొత్తం నా ఒక్కడికే ఇవ్వడం ఇదే మొదటిసారి. చివరిదీ ఇదే," అన్నాడు.

ఆయన వచ్చిన మూడో రోజుకి నాకు సంగతి తెలిసింది. ఆయనకు జ్ఞాపకం పోతోంది. పొద్దున చెప్పింది మధ్యాహ్నం మళ్ళీ చెప్పేవాడు. మలయాళీ అమ్మాయిని నలుగురి పేర్లతో పిలిచేవాడు. దర్శకుడికి కూడా తెలుసు. చెవిలో చిన్న యంత్రం పెట్టి మాటలు వినిపిస్తామన్నారు. ఆయన లేచి నిలబడి, "నేను నటుణ్ణి, రేడియోని కాదు," అన్నాడు. అప్పుడు ఆయన నాకు మా ఇంటి మనిషిలా కనిపించాడు.

దర్శకుడు ఇంకోలా కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రంలోగా పేజీ పూర్తికాకపోతే, ఆ మాటలు సినిమాలో మనవడి వేషం వేసిన కుర్ర నటుడు చెప్తాడు. ముసలాయన రాయిని చూస్తూ ఊరికే నిలబడతాడు. మర్నాడు పొద్దున్నే ఆయన విమానం. ఈ సంగతి ఆయనకు చెప్పారు. ఆయన గుడారంలో పేజీని నా వైపు కుర్చీ మీద పెట్టి, "నాతో చదవండి, కల్నల్," అన్నాడు అంతే.

చదివాను. ఎన్నిసార్లు చదివామో గుర్తులేదు. అంతా వచ్చేది. బండి, ఎండ, స్నేహితుడి బూట్లు, దిబ్బ, నీళ్ళున్నాయన్న మాట, అన్నీ. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయేవాడు. 'అక్కడ నీళ్ళు లేవని నాకు తెలుసు.' ఇంగ్లీషులో అది ఇంకా చిన్న వాక్యం. దాని ముందు నోరు తెరుచుకునేది, కళ్ళు ఖాళీ అయ్యేవి. నేను మొదటి మాట అందిస్తే చాలు, అక్కడినుంచి చివరిదాకా నీళ్ళలా వెళ్ళిపోయేవాడు.

"మీకు ఇది అలవాటున్న పనిలా ఉంది," అన్నాడొకసారి.

అలవాటే. మాట అందించడం నేను పదమూడేళ్ళకే నేర్చుకున్నాను.

మా నాన్నగారు పద్యనాటకాల్లో రాజు వేషం వేసేవారు. ఆస్తి పోయాక కూడా వేషం మానలేదు. తెర పక్కన, జనానికి కనపడకుండా, పుస్తకం పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. మా పద్ధతిలో నటుడు ఆగితే రెండు ఊపిరులు ఆగాలి. మొదటి ఊపిరి ఆయనది. గుర్తు తెచ్చుకోవడానికి. రెండోది హార్మోనియంది. అది శ్రుతి సాగదీసి కప్పిపెడుతుంది. ఆ తర్వాత కూడా మాట రాలేదంటే నేను పాదంలో మొదటి మాట అందించాలి. గుసగుస కాదది. గుసగుస దూరం పోదు. గొంతులో వణుకు లేకుండా, పెదవి మీదినుంచి విసిరేయాలి. నటుడికి చేరుతుంది, మొదటి వరసకు చేరదు. మా వేదిక మీద మూడో ఊపిరి మౌనంగా గడిస్తే నటుడి పని అయిపోయినట్టే. జనం మొదట దగ్గుతారు, తర్వాత చప్పట్లు కొడతారు, అవి వేరే రకం చప్పట్లు.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక నాటక పరిషత్తు పోటీల్లో మా నాటకం పెట్టారు. ఒకప్పుడు మా నాటకమంటే రాత్రి మంచి సమయం మాకే వదిలేసేవారు. ఆసారి భోజనాల తర్వాత, మధ్యాహ్నం ఆట ఇచ్చారు. సగం కుర్చీలు ఖాళీ. నాన్నగారు ఆ అవమానం దిగమింగలేక పొద్దుటినుంచీ మండిపడుతున్నారు. వేషాలు వేసుకునే గదిలో వేరే సమాజాల వాళ్ళు కూడా ఉన్నారు. ఎవరో మర్యాదకు, "మీ అబ్బాయి కూడా వేస్తాడా?" అనడిగారు. నాన్నగారు అద్దంలో నన్ను చూస్తూ అన్నారు: "వీడికా? మా వంశం గొంతు వీడికి రాలేదు. పుస్తకం పట్టుకోవడానికి పనికొస్తాడు. అదీ గట్టిగా చెప్పలేను."

అందరూ నవ్వారు.

రెండో అంకంలో, ముప్పై ఏళ్ళుగా పాడుతున్న పద్యంలో, మూడో పాదం దగ్గర నాన్నగారు ఆగారు. మొదటి ఊపిరి. హార్మోనియం సాగింది. రెండో ఊపిరి. ఆయన తల కదలకుండా కళ్ళు మాత్రం నా వైపు తిప్పారు. మాట నా పెదవి మీద ఉంది. వేలు దాని కిందే ఉంది. ఇంకొక్క ఊపిరి ఆగనీ అనుకున్నాను. ఒక్కటే. ఆ ఒక్కటి దాటాక ఎన్ని దాటాయో నాకు తెలియదు. ఆయన నన్నే చూస్తూ ఉన్నారు. దగ్గులు వచ్చాయి. తర్వాత ఆ చప్పట్లు వచ్చాయి. తెర దించేశారు.

కిరీటం తీస్తూ అడిగారు, "ఏమైందిరా?"

"గాలికి పేజీ తిరిగిపోయింది నాన్నగారూ. వెతుక్కునే లోపల..."

"పోనీలే," అన్నారు. ఆయన మళ్ళీ వేదిక ఎక్కలేదు. తర్వాత పన్నెండేళ్ళు బతికారు. మధ్యాహ్నాలు అరువు గొంతు సీరియల్ చూస్తూ, దేనికీ ఆనుకోకుండా. గాలి సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. తెర పక్కన ఆ వింగులో గాలి దూరే సందే లేదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

నాలుగో రోజు. లివాలో చలికాలపు ఎండ అయిదు దాటగానే ఎర్రబడింది. ఆ ఎరుపులోనే తీయాలని కెమెరామన్ పట్టుదల, అది అరగంటకు మించి ఉండదు. మామూలుగా అసలు నటుడు రాగానే నేను లారీల దగ్గరికి వెళ్ళిపోవాలి. ఆ రోజు పెద్దాయన ఒప్పుకోలేదు.

"రాయితో మాట్లాడలేను. రాయి వెనక, కెమెరాకు కనపడకుండా, కల్నల్ నిలబడాలి. నా చూపు ఆగడానికి ఒక మనిషి కావాలి."

దర్శకుడు సరేనన్నాడు. నా పక్కనే రిఫ్లెక్టరుతో జగిత్యాల మనిషి. "ఇయ్యాల రాయికి గూడ నువ్వే ఐతివి," అని గొణిగాడు.

మొదటిసారి గాలి లేచి ఇసక కొట్టింది. రెండోసారి ఆ వాక్యం దగ్గర ఆగి, తల ఊపి, క్షమించమన్నాడు. మూడోసారీ అక్కడే. ఎండ దిబ్బ అంచు మీదికి జారింది. మలయాళీ అమ్మాయి గడియారం చూసుకుని, అందరికీ వినపడేలా, "ఇదే చివరిది," అంది.

నాలుగోసారి ఆయన మొదలుపెట్టగానే తెలిసింది, ఇది వేరే అని. గొంతు దించాడు. బండి, ఎండ, బూట్లు, దిబ్బ. 'ఆ దిబ్బ వెనక నీళ్ళున్నాయని చెప్పాను,' అన్నాడు, నిన్ననే చెప్పినట్టు. ఆగాడు.

మొదటి ఊపిరి. గాలి కూడా లేదు. రెండోది. ఆయన తల కదలలేదు. కళ్ళు మాత్రం వచ్చి నా మీద ఆగాయి.

ఆ చూపు నాకు తెలుసు. అది ముప్పై అయిదేళ్ళుగా నా వెంట వస్తోంది. గోడౌన్ తలుపు మూసేటప్పుడు వెనక నిలబడేది, అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే నా కళ్ళలోకి వచ్చేది. మూడో ఊపిరి నేను దాటనివ్వలేదు. మాట విసిరాను. మా పద్ధతిలో, వణుకు లేకుండా, పెదవి మీదినుంచి.

నాటకశాలలో అది ఎవరికీ వినపడేది కాదు. ఇక్కడ ఆయన చొక్కా లోపల మైకుంది, తల మీద కర్రకు ఇంకోటి ఉంది. ఎడారిలో అంత నిశ్శబ్దంలో నా మాట రాయి పడ్డట్టు పడింది.

పెద్దాయన ముఖంలో ఏదో ఆరిపోయింది. తన గదిలోకి చెప్పకుండా వచ్చినవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎవరూ కట్ అనలేదు. దిబ్బ మీది ఎరుపు సన్నబడి, గీతై, పోయింది. అప్పుడు దర్శకుడు మెల్లగా కట్ అన్నాడు.

చెవుల మీది హెడ్‌ఫోన్లు మెడకు దించుకుని నడిచి వచ్చాడు. అరవలేదు. "ఎవరది?" అన్నాడు.

జగిత్యాల మనిషి రిఫ్లెక్టరు అడ్డం పెట్టుకుని, నోరు కదపకుండా అన్నాడు: "దొరా, సప్పుడు జెయ్యకు. గాలి అనుకుంటరు. ఇడిసిపెడ్తరు."

గాలి. అతనికి ఏమీ తెలియదు. నా మంచికే అన్నాడు.

"నేనే," అన్నాను. "ఆయన మరిచిపోయారనుకున్నాను."

దర్శకుడు తల అడ్డంగా ఊపాడు. "ఆయన మరిచిపోలేదు," అన్నాడు. "నాలుగు రోజులుగా నేను ఎదురుచూస్తున్నది ఆ మౌనం కోసం. ఇంకో రెండు క్షణాలు ఆగితే ఆ మాట ఆయనే చెప్పేవాడు."

చెప్పేవాడేనా? ఇప్పటికీ నాకు తెలియదు. గుడారంలో మాట పోయినప్పుడు ఆ కళ్ళు ఎలా ఉండేవో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సాయంత్రం కళ్ళు అలా ఉన్నాయా, లేవా అని వందసార్లు గుర్తు చేసుకున్నాను. నాకు గుర్తొచ్చేది ప్రతిసారీ మా నాన్నగారి కళ్ళే. మలయాళీ అమ్మాయి వచ్చి, నా మొహం చూడకుండా, చేతి మీది ఆకుపచ్చ పట్టీ కత్తిరించింది. పెద్దాయన దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను అటు వెళ్ళలేదు.

క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆ వాక్యం తయారు చేసుకోవడానికే నాకు తెల్లారిపోయింది. పొద్దున కార్లు బయలుదేరే చోట, దూరంగా నిలబడ్డాను. పెద్దాయన కారులో వెనక సీట్లో ఉన్నాడు. నన్ను చూసి అద్దం దించి చెయ్యి ఊపాడు. దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాను.

"కల్నల్," అన్నాడు నాకంటే ముందే. గొంతు తగ్గించాడు, డ్రైవరు వినకూడదన్నట్టు. "నిన్న పేజీ మొత్తం వచ్చిందా?"

నవ్వుతున్నాడు. నవ్వు వెనక భయం ఉంది. వీళ్ళెవరినీ అడగలేడు, అడిగితే గుర్తులేదని తెలిసిపోతుంది. నన్ను ఒక్కణ్ణే అడగగలడు. పక్క సీట్లో కూర్చున్న ఆయన సహాయకురాలు నా వైపు చూసి, వెంటనే ఫోన్లోకి చూసుకుంది.

తయారు చేసుకున్న వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

"మొత్తం వచ్చింది సార్," అన్నాను.

"ఆ ఒక్క మాట?"

"అదీ వచ్చింది. చాలా బాగా వచ్చింది."

కళ్ళు మూసుకుని తెరిచాడు. సీటుకు ఆనుకున్నవాడు నిటారుగా జరిగి, మెడ ఎత్తి, నాలాగా కూర్చుని చూపించాడు. ఇద్దరం నవ్వాం. అద్దం పైకి వెళ్ళింది. ఆయన సంతోషంగానే వెళ్ళాడు. దిబ్బ మలుపు తిరిగేదాకా కారు కనిపించింది.

లారీలో జగిత్యాల మనిషి నా పక్కనే కూర్చున్నాడు. మదీనత్ జాయెద్ ఊరు దాటాక అడిగాడు: "పెద్దాయనకు మాఫీ చెప్పినవా?"

"లేదు."

"మల్ల ఏం మాట్లాడినవ్ గంతసేపు?"

"బాగా వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నాను."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "గంతే గదా," అన్నాడు. "ఇంకేం జెప్తవ్." ఆ తర్వాత దొరా అని పిలవడం మానలేదు గానీ, నా కళ్ళలోకి లైటు కొట్టడం మానేశాడు.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం గోడౌన్‌లో స్టాండ్లు తుడుస్తుంటే అతనే ఫోను పట్టుకుని వచ్చాడు. తెర మీద పెద్దాయన పాత ఫొటో, పోలీసు టోపీతో. "దొరా, మీ పెద్దాయన పోయిండట." కింద వార్తలో ఆయన వేసిన వేషాల పేర్లన్నీ రాశారు. శవం వేషం రాయలేదు, పార్కింగ్ గొంతు రాయలేదు. విడుదల కావలసిన చివరి సినిమా ఒకటి ఉందని ఒక వాక్యం రాశారు.

ఆ సినిమా తర్వాతి ఏడాది వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఒక్కణ్ణే వెళ్ళాను. ఆ ఆట ఎందుకు ఎంచుకున్నానో నాకే తెలియదు. పెద్ద మాల్, చిన్న హాలు. పదిమంది కూడా లేరు. వెనక నుంచి మూడో వరసలో కూర్చున్నాను. అవి వెనక్కి వాలే మెత్తటి కుర్చీలు. నేను వాలలేదు.

చివరికి ఆ దిబ్బ వచ్చింది. ఆ ఎరుపు వచ్చింది. మాటలు కుర్రవాడికి ఇవ్వలేదు. పెద్దాయన గొంతే. బండి, ఎండ, బూట్లు. 'ఆ దిబ్బ వెనక నీళ్ళున్నాయని చెప్పాను.' ఆగాడు. నా మాట పడిన చోటికి ముందే కత్తిరించి ఉంటారని నాకు తెలుసు. పేజీ అక్కడితో ఆగిపోతుందని, మిగతా సగం ఈ లోకంలో ఎక్కడా లేదని అర్థమైంది. కానీ వాళ్ళు ఉంచింది ఒకటుంది. ఆ కళ్ళు. అంత పెద్ద తెర మీద, తల కదలకుండా, మెల్లగా పక్కకు వచ్చి నా మీద ఆగాయి. హాల్లో ఇంకెవరినీ చూడలేదు. మొదటి ఊపిరి. రెండోది.

నోరు నా మాట వినలేదు. మాట విసిరాను, పెదవి మీదినుంచి, వణుకు లేకుండా.

అది ఇంగ్లీషు మాట కాదు. నాన్నగారి పద్యంలో, మూడో పాదంలో మొదటి మాట.

ముందు వరసలోంచి ఎవరో వెనక్కి తిరిగి ఉష్ అన్నారు. నేను మళ్ళీ తెర వైపు చూసేసరికి ఆ ముఖం అక్కడ లేదు. ఇసక ఒక్కటే ఉంది.